జన్యువులు, మందుల పనితీరు మీద పరిశోధన చేయాలంటే అన్నీ ఒక్కరే నేర్చుకోవాలా?

మీ ప్రశ్న ఇది: ఫార్మసీలో పీజీ అయింది, ఒకే మందు ఒకరికి పనిచేసి ఇంకొకరికి పనిచేయకపోవడంలో జన్యువుల పాత్ర ఎంతో పరిశోధన చేయాలని ఉంది. దానికి జెనెటిక్స్, స్టాటిస్టిక్స్, కోడింగ్ అన్నీ మీరే నేర్చుకోవాలా? డాక్టర్లు, ల్యాబ్‌వాళ్లు, డేటావాళ్లతో కలిసి పని ఎలా సాగుతుంది?

అన్నీ నేర్చుకోనక్కర్లేదు. ఒక సబ్జెక్టు లోతుగా వచ్చి ఉండాలి, అది మీకు ఫార్మసీ రూపంలో ఇప్పటికే ఉంది. దానికి తోడు, మీ ముందుకొచ్చిన ప్రతి అంకె ఎక్కడ పుట్టింది, ఎవరెవరి చేతులు మారింది, దారిలో ఏం మార్పు జరిగింది అని అడిగి తెలుసుకునే అలవాటు కావాలి. నేనూ ఫార్మసీ నుంచే ఈ పనిలోకి వచ్చాను, పదకొండేళ్లయింది. ఈ సంగతి మొదటి ఏడాదే ఒక తప్పు చేసి తెలుసుకున్నాను. అది వివరంగా చెప్తాను, మీ ప్రశ్నకు సగం జవాబు అందులోనే ఉంది.

మా మొదటి ప్రాజెక్టు వార్ఫరిన్ మీద. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ఈ మందు డోసు మనిషికీ మనిషికీ చాలా తేడాగా ఉంటుంది. ఒకరికి రోజుకు ఒక మిల్లీగ్రాము సరిపోతుంది, ఇంకొకరికి పది కావలసి వస్తుంది. తక్కువైతే గడ్డ కడుతుంది, ఎక్కువైతే రక్తస్రావం. ఇది సరిగ్గా ఉందో లేదో ఐఎన్ఆర్ అనే రక్తపరీక్ష అంకెతో చూస్తారు, ఆ అంకె మరీ పెరిగితే రక్తస్రావం ప్రమాదం. ఈ తేడాలో వయసు, బరువు, ఇతర మందులతో పాటు రెండు జన్యువులకు పెద్ద వాటా ఉంది. వార్ఫరిన్‌ను విచ్ఛిన్నం చేసే ఎంజైము తాలూకు సివైపీ2సి9 ఒకటి. ఆ మందు వెళ్లి అడ్డుకునే ఎంజైము తాలూకు వీకేఓఆర్‌సీ1 రెండోది. ఈ రెండో జన్యువు దగ్గర ఒకచోట డీఎన్ఏలో జి అక్షరం బదులు ఎ ఉన్నవాళ్లకు తక్కువ డోసు చాలు. నేను చదివిన పేపర్లన్నిటిలో జి, ఎ అనే ఉంది. మా ల్యాబ్ నుంచి వచ్చిన ఎక్సెల్ ఫైల్లో మాత్రం అదే కాలమ్‌లో సి, టి అని ఉంది.

రెండూ ఒకటే, రాసే పద్ధతి వేరు అని ఎవరో అన్నారు. అంతటితో ఊరుకున్నాను. అక్షరక్రమంలో ముందొచ్చే ఎ ని ముందొచ్చే సి కి, జి ని టి కి జత చేసి కాలమ్ మొత్తం మార్చేసి డేటా అనలిస్టుకు పంపాను. తొమ్మిది దేశాల బృందాలు కలిసి 2009లో ప్రచురించిన ఒక డోసు సూత్రం అప్పటికే ఉంది. అనలిస్టు మా రోగుల వివరాలను అందులో పెట్టి, ఒక్కొక్కరికి ఎంత డోసు కావాలో లెక్కగట్టి ఇచ్చాడు. ప్రోగ్రాం ఎక్కడా ఆగలేదు. ఒక్క ఎర్రర్ కూడా రాలేదు.

మీటింగులో ఆ పట్టిక ప్రింట్ తీసి అందరి ముందూ పెట్టాం. రోగులను చూసే సీనియర్ డాక్టర్ కళ్లజోడు పైకి జరుపుకుని, వేలితో ఒక్కో వరుసా చూసుకుంటూ వచ్చి ఒకచోట ఆగారు. "ఏమ్మా, ఈ పెద్దావిడ నాకు బాగా తెలుసు. రోజుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు ఇస్తేనే సరిపోతోంది, కాస్త పెంచితే ఐఎన్ఆర్ నాలుగు దాటుతోంది. మీ కాగితం నాలుగున్నర ఇమ్మంటోంది. ఇస్తే ఏమవుతుందో తెలుసా?" అన్నారు. గదిలో ఎవరూ మాట్లాడలేదు. ల్యాబ్ నుంచి వచ్చినావిడ నా ఫైలు ఒకసారి చూసి, "ఆ జన్యువు రివర్స్ స్ట్రాండ్ మీద ఉంటుందండీ, మా మెషీన్ ఫార్వర్డ్ స్ట్రాండ్ మీద రాసి ఇస్తుంది" అంది. డీఎన్ఏకు ఎదురెదురుగా రెండు పోగులు, అంటే స్ట్రాండ్‌లు ఉంటాయి, ఒకదాని మీద జి ఉంటే దాని ఎదురుగా సి, ఎ ఉంటే టి ఉంటాయి. స్కూల్లో చదివిన సంగతే. అంటే ఫైల్లో టి ఉన్నవాళ్లకే తక్కువ డోసు కావాలి. నేను మొత్తం తిరగేశాను.

అది పాత రికార్డుల మీద చేస్తున్న అధ్యయనం కాబట్టి ఎవరికీ హాని జరగలేదు. కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. డీఎన్ఏ జతలు నాకు తెలుసు, ల్యాబ్‌వాళ్లకు తెలుసు, అనలిస్టుకూ తెలుసు. "మీ ఫైల్లో ఏ స్ట్రాండ్ రాశారు?" అన్న ఒక్క ప్రశ్న ఎవరూ అడగలేదు. అడగాల్సింది నేను, ఎందుకంటే ఫైలు చేతులు మారింది నా దగ్గరే. చివరికి తప్పు పట్టుకున్నది జన్యువుల గురించి మా అందరికంటే తక్కువ చదివిన మనిషి, రోగులు తెలుసు కాబట్టి. అప్పటినుంచి రోగులను చూసే డాక్టర్ లేకుండా ఏ పట్టికనూ ఫైనల్ చేయనివ్వను.

ఆ తర్వాత మేం చేసిన మొదటి పని పదాల జాబితా. మామూలు కాగితం, రెండు పేజీలు. "స్పందన" అంటే మన ప్రాజెక్టులో ఏమిటి? "నెగెటివ్" అంటే ఏమిటి? "నార్మల్" అంటే ఎవరు? చిన్నపిల్లల పనిలా అనిపిస్తుంది కానీ ఈ రంగంలో గొడవలు ఎక్కువగా ఈ మాటల దగ్గరే వస్తాయి. ఒక ఉదాహరణ చూడండి. మందును మామూలు వేగంతో విచ్ఛిన్నం చేసేవాళ్లను ఇంగ్లిష్‌లో చాలాకాలం "ఎక్స్‌టెన్సివ్ మెటబొలైజర్" అన్నారు. ఆ మాట విన్న డాక్టర్ ఎవరైనా, ఈయనకు మందు చాలా త్వరగా కరిగిపోతుందేమో అనుకుంటారు. చివరికి సీపీఐసీ అనే అంతర్జాతీయ బృందం నిపుణులందరి అభిప్రాయం సేకరించి, 2017లో ప్రచురించిన పదావళిలో దాన్ని "నార్మల్ మెటబొలైజర్" అని మార్చింది. చాలా మందులను విచ్ఛిన్నం చేసే ఎంజైము తాలూకు సివైపీ2డి6 జన్యువు విషయంలో ఇంకా చిత్రం. ఒక కాపీ పూర్తిగా పనిచేస్తూ, రెండోది అసలు పనిచేయనివాళ్లను కొన్ని ల్యాబులు నార్మల్ అన్నాయి, కొన్ని ఇంటర్మీడియట్, అంటే మామూలుకంటే నెమ్మది, అన్నాయి. 2019లో అందరూ ఒక ఒప్పందానికి వచ్చి ఇంటర్మీడియట్ అన్నారు. కాబట్టి పాత రిపోర్టులో "నార్మల్" అని కనిపిస్తే, అది ఏ నిర్వచనం ప్రకారం రాశారో అడగాలి. జన్యువు అదే, మనిషీ అదే, మాట మాత్రం మారింది.

"స్టార్ 1" కూడా అంతే. ఒక జన్యువు తాలూకు రకాలను స్టార్ 1, స్టార్ 2 అంటూ అంకెలతో రాస్తారు. సగటు పాఠకుడు దాన్ని "లోపం లేని జన్యువు" అని చదువుతాడు. దాని అసలు అర్థం, ల్యాబ్ వెతికిన మార్పుల్లో ఏదీ దొరకలేదు అని. నాలుగు మార్పులు వెతికిన ల్యాబూ, ఇరవై వెతికిన ల్యాబూ ఒకే స్టార్ 1 రాస్తాయి. దీనివల్ల ఏమవుతుందో 2013లో ప్రపంచమంతా చూసింది. వార్ఫరిన్ డోసును జన్యువుల ఆధారంగా నిర్ణయిస్తే మేలు జరుగుతుందా అని రెండు పెద్ద ట్రయల్స్ ఒకేసారి వెలువడ్డాయి. బ్రిటన్, స్వీడన్లలో చేసిన ఈయూ-ప్యాక్ట్‌లో మేలు కనిపించింది, అమెరికాలో చేసిన కోయాగ్‌లో కనిపించలేదు. పైగా కోయాగ్‌లో పాల్గొన్న ఆఫ్రికన్ అమెరికన్లలో జన్యువుల ఆధారంగా డోసు ఇచ్చినవాళ్ల ఐఎన్ఆర్ మిగతావాళ్లకంటే తక్కువ సమయమే అదుపులో ఉంది. అక్కడ సివైపీ2సి9లో వెతికినవి స్టార్ 2, స్టార్ 3 మాత్రమే. ఇవి యూరప్ మూలాలున్నవాళ్లలో ఎక్కువ. ఆఫ్రికా మూలాలున్నవాళ్లలో కనిపించే స్టార్ 5, 6, 8, 11 ఆ పరీక్షలో లేవు. అవి ఉన్నవాళ్లు కూడా లెక్కలో నార్మల్ కిందే పడ్డారు. ఇంకో తేడా స్టాటిస్టీషియన్లు గుర్తుచేస్తారు: కోయాగ్‌లో పోలిక వయసు, బరువులాంటివి చూసి లెక్కగట్టిన డోసుతో, ఈయూ-ప్యాక్ట్‌లో అందరికీ ఒకే రకంగా మొదలుపెట్టే డోసుతో. దేనితో పోలుస్తున్నామో అదే మారితే ఫలితాలు ఎలా కలుస్తాయి? ఈ రెండు పేపర్లు పక్కపక్కన పెట్టుకుని చదవండి. నా దృష్టిలో ఈ రంగంలోకి వచ్చేవాళ్లకు అంతకంటే మంచి పాఠం లేదు.

ఇప్పుడు "స్పందన" సంగతి. జన్యువుల మీద పనిచేసేవాళ్లు సాధారణంగా జీనోటైప్, అంటే రోగిలో ఆ జన్యువు ఏ రకమో, కొలవడానికి పెట్టే శ్రద్ధ, రోగిలో ఏం జరిగిందో కొలవడానికి పెట్టరు. మందు పడలేదు అని ఒక కాలమ్ పెట్టి అవును, కాదు అని నింపేస్తారు. కార్బమజెపైన్ కథ దీనికి విరుగుడు. మూర్ఛకు వాడే ఈ మందు కొద్దిమందిలో స్టీవెన్స్-జాన్సన్ సిండ్రోమ్ తెస్తుంది, చర్మం పొక్కి ఊడిపోతుంది, నోరు, కళ్లు పుండ్లు పడతాయి, ప్రాణాలు కూడా పోవచ్చు. 2004లో తైవాన్ బృందం ఈ జబ్బు వచ్చిన 44 మందిని పరీక్షిస్తే 44 మందిలోనూ హెచ్ఎల్ఏ-బి*15:02 అనే జన్యు రకం ఉంది. ఏ ఇబ్బందీ లేకుండా మందు పడినవాళ్లలో అది సుమారు 3 శాతం మందిలోనే ఉంది. ఇంత స్పష్టమైన సంబంధం ఈ రంగంలో అరుదు. అది దొరకడానికి చర్మవైద్యులే కారణమని నా నమ్మకం. ఎందుకంటే అదే మందుతో వచ్చే మామూలు దద్దుర్లకు ఈ జన్యువుతో సంబంధం లేదు. "చర్మం మీద ఏదో వచ్చింది" అని అందరినీ ఒకే గుంపులో కలిపేసి ఉంటే ఆ సంబంధం పలచబడిపోయేది. ఏది ఏ జబ్బో విడదీసి చెప్పగలిగిన కన్ను చర్మవైద్యులది, హెచ్ఎల్ఏ చదవగలిగింది జన్యుశాస్త్రవేత్తలు. తర్వాత అక్కడే 4,877 మందికి మందు ఇవ్వడానికి ముందే ఈ పరీక్ష చేశారు, పాజిటివ్ వచ్చినవాళ్లకు వేరే మందు ఇచ్చారు. ఒక్కరికి కూడా ఆ జబ్బు రాలేదని 2011లో ప్రచురించారు. పాత లెక్కల ప్రకారం పదిమందికి రావలసింది. ఆ పదిమందీ ఎవరో మనకు ఎప్పటికీ తెలియదు, ఎందుకంటే వాళ్లకు ఏమీ కాలేదు. ఈ పేపరు ఎన్నిసార్లు చదివినా నాకు కళ్లు చెమరుస్తాయి.

ఇక ఫార్మసీ మనిషిగా మీ వంతు ఎక్కడ? మేం ఒకసారి మెటోప్రొలాల్ వాడుతున్నవాళ్ల మీద పనిచేశాం. రక్తపోటు, గుండె వేగం తగ్గించే ఈ మందును సివైపీ2డి6 విచ్ఛిన్నం చేస్తుంది. జన్యువు ప్రకారం నార్మల్ అయిన కొందరిలో కూడా మందు స్థాయి చాలా ఎక్కువగా, నాడి మరీ నెమ్మదిగా ఉంది. జెనెటిక్స్‌వాళ్లు కొత్త మార్పు ఏదైనా ఉందేమోనని సీక్వెన్సింగ్ చేయించాలన్నారు, అంటే ఆ జన్యువు అక్షరాలన్నీ చదివించాలని. నేను డేటా సేకరించిన ఫారం తీసి చూశాను. "ఇతర మందులు" అన్నచోట రెండే గడులున్నాయి: ఉన్నాయి, లేవు. ఏ మందులో రాయడానికి జాగా లేదు. మళ్లీ వార్డు రికార్డుల దగ్గరికి వెళ్లి ఒక్కొక్కటీ చూస్తే, వాళ్లలో చాలామంది డిప్రెషన్‌కు పారోక్సెటిన్ వాడుతున్నారు. అది సివైపీ2డి6ను గట్టిగా అడ్డుకుంటుంది. జన్యువు బాగానే ఉంది, ఎంజైము తయారవుతోంది, కానీ దాని చేతులు కట్టేసినట్టయింది. దీన్ని ఫీనోకన్వర్షన్ అంటారు. ఫార్మసీ చదివినవాళ్లకు ఇది రెండో ఏడాది పాఠం. ఆ గదిలో ఉన్న మిగతావాళ్లకు తట్టలేదు. తట్టకపోవడం వాళ్ల తప్పూ కాదు, నన్ను ఫారం తయారుచేసేటప్పుడు పిలవలేదు, అంతే. సిస్టర్లను కూడా ఎవరూ అడగలేదు. ఎవరు మాత్రలు సరిగ్గా వేసుకుంటారో, ఎవరు దిండు కింద దాచేస్తారో వాళ్లకే తెలుసు. మందే వేసుకోని మనిషిని "స్పందన లేదు" అని రాసుకుని జన్యువుల్లో కారణం వెతికితే ఏం దొరుకుతుంది?

చదువు గురించి అడిగారు కాబట్టి నా అభిప్రాయం చెప్తాను. ముగ్గురు ప్రొఫెసర్లు వచ్చి వరసగా మూడు లెక్చర్లు ఇచ్చి వెళ్లిపోతే దాన్ని బహుళశాస్త్ర విద్య అనడం నాకు ఒప్పుగా అనిపించదు. విద్యార్థి బుర్రలో ఆ మూడూ మూడు గదుల్లోనే ఉండిపోతాయి. నేను చూసినవాటిలో బాగా పనిచేసింది ఒక్కటే: వేర్వేరు సబ్జెక్టుల విద్యార్థులను నలుగురిని ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టి, ఒకే కేసు ఇచ్చి, ఒకే రిపోర్టు రాయమనడం.

నేను ఎప్పుడూ ఇచ్చే కేసు టీపీఎంటీ, మెర్కాప్టోప్యూరిన్ అనే మందును విచ్ఛిన్నం చేసే ఎంజైము తాలూకు జన్యువు. ల్యుకేమియా ఉన్న బాబుకు మెర్కాప్టోప్యూరిన్ మొదలుపెట్టాలి. జన్యు పరీక్షలో 460వ స్థానంలో ఒక మార్పు, 719వ స్థానంలో ఒక మార్పు ఉన్నాయి. రెండూ ఒకే క్రోమోజోము మీద ఉంటే అది స్టార్ 3ఎ, రెండో క్రోమోజోము బాగుంది కాబట్టి డోసు కొంత తగ్గిస్తే చాలు. చెరొకదాని మీద ఉంటే ఒకటి స్టార్ 3బి, ఒకటి స్టార్ 3సి, పనిచేసే కాపీ ఒక్కటీ లేదు. అప్పుడు రోజువారీ డోసు పదోవంతుకు తగ్గించి, వారానికి మూడుసార్లే ఇవ్వాలి, లేకపోతే ఎముకమజ్జ దెబ్బతింటుంది. మామూలు పరీక్ష ఈ రెంటినీ విడదీసి చెప్పదు. జెనెటిక్స్ విద్యార్థి బోర్డు మీద రెండు గీతలు గీసి ఈ చిక్కు చూపిస్తాడు. స్టాటిస్టిక్స్ అమ్మాయి, స్టార్ 3బి విడిగా కనిపించడం చాలా అరుదు కాబట్టి మొదటిదే అయ్యే అవకాశం ఎక్కువ అంటుంది. మెడిసిన్ విద్యార్థి, "ఎక్కువ అవకాశం అంటే ఆ బాబు తల్లికి ఏం చెప్పను?" అంటాడు. ఫార్మసీ విద్యార్థి, ఎర్ర రక్తకణాల్లో ఎంజైము పనితీరు నేరుగా కొలవచ్చుగా అంటుంది. అక్కడ మెడిసిన్ విద్యార్థి మళ్లీ ఆపుతాడు: ఆ బాబుకు మొన్ననే రక్తం ఎక్కించారు, కొలిస్తే దాత రక్తకణాల పనితీరు కూడా కలిసి వస్తుంది. ఆ క్షణంలో ఆ నలుగురి ముఖాలు చూడాలి. పక్కవాడి సబ్జెక్టు తనకెందుకు కావాలో వాళ్లకు ఇక ఎవరూ చెప్పనక్కర్లేదు.

మీరు సొంతంగా ఏం చదవాలి అంటే, జెనెటిక్స్‌లో స్ట్రాండ్, హాప్లోటైప్ (ఒకే క్రోమోజోము మీద కలిసి ఉన్న మార్పులు), లింకేజ్ (దగ్గరదగ్గర ఉన్న మార్పులు కలిసి వారసత్వంగా రావడం) ముందు పట్టుకోండి. సివైపీ2డి6 ఎందుకు కష్టమో కూడా తెలుసుకోండి: పక్కనే దాదాపు అలాగే ఉండే పనిచేయని సివైపీ2డి7 ఉంది, కొందరిలో సివైపీ2డి6 పూర్తిగా లేదు, కొందరిలో దాని కాపీలు రెండు మూడు ఎక్కువ ఉన్నాయి. మెషీన్ ఇచ్చిన రిజల్ట్‌ను గుడ్డిగా నమ్మకూడదని ఇది ఒక్కటే నేర్పిస్తుంది. స్టాటిస్టిక్స్‌లో రిగ్రెషన్ ఫలితం చదవడం, ఎంతమంది రోగులు కావాలో అంచనా వేయడం, వేర్వేరు మూలాల జనాన్ని కలిపితే లేని సంబంధం ఉన్నట్టు ఎలా కనిపిస్తుందో అర్థం చేసుకోవడం చాలు. కోడింగ్‌కు టెన్షన్ పడకండి. ఆర్ గాని పైథాన్ గాని, మీ డేటా మీరే తెరిచి, పట్టిక వేసుకుని, ఏదైనా తేడాగా ఉంటే గమనించేంత వస్తే చాలు. సీక్వెన్సింగ్‌లో దొరికిన మార్పుల ఫైలు ఇస్తే స్టార్ రకాలు (అల్లీల్స్) తేల్చి రిపోర్టు ఇచ్చే ఫార్మ్‌క్యాట్ లాంటి ఉచిత టూల్స్ ఉన్నాయి. అవి ఏం ఊహించుకుంటున్నాయో చదవగలగాలి.

మీ సొంత సబ్జెక్టును మాత్రం తేలిగ్గా తీసుకోకండి. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే క్లోపిడోగ్రెల్‌నే ఉదాహరణగా తీసుకుంటే, అది శరీరంలో ముఖ్యంగా సివైపీ2సి19 అనే ఎంజైము వల్ల మారితేనే పనిచేస్తుంది. కాబట్టి ఎంజైము పనిచేయనివాళ్లలో (వీళ్లనే పూర్ మెటబొలైజర్ అంటారు) మందు ప్రభావం పెరగదు, బాగా తగ్గిపోతుంది. స్టెంట్ వేసినచోట గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది, అందుకే 2010లో అమెరికా ఎఫ్‌డీఏ లేబుల్ మీద పెట్టె గీసిన హెచ్చరిక పెట్టింది. "పూర్ మెటబొలైజర్ అంటే డోసు తగ్గించాలి" అని ఒక సూత్రంలా గుర్తుపెట్టుకున్న అనలిస్టులను నేను చాలామందిని చూశాను. ఆ దిశ సరిచూసే పని మనదే.

కలిసి పనిచేయడంలో ఇంకో చిక్కు మనసుల దగ్గర వస్తుంది. పేపర్లో ఎవరి పేరు ఎక్కడ అన్నది మొదటి నెలలోనే మాట్లాడుకోండి, ఇబ్బందిగా ఉన్నా సరే. రోగి సంతకం పెట్టిన అంగీకార పత్రం దేనికి వరకు వర్తిస్తుందో చదవండి, వార్ఫరిన్ కోసం ఇచ్చిన రక్తాన్ని ఇంకో ప్రశ్నకు వాడుకోవాలంటే మళ్లీ అడగాల్సి రావచ్చు. ఫలితం రోగికి ఎవరు చెప్తారు, ఏ మాటల్లో చెప్తారు అన్నది కూడా అప్పుడే తేల్చుకోవాలి.

వచ్చే వారం నుంచి మొదలుపెట్టాలనుకుంటే, సీపీఐసీ వాళ్ల క్లోపిడోగ్రెల్ మార్గదర్శకం ఉచితంగా దొరుకుతుంది, అది తీసుకోండి. తర్వాత మీకు అందుబాటులో ఉన్న ఏదైనా ప్రాజెక్టులో అనుమతి తీసుకుని ఒక్క శాంపిల్ వెంట నడవండి. రక్తం తీసేచోట నిలబడండి, ల్యాబులో డీఎన్ఏ తీసేటప్పుడు చూడండి, ఫైల్లో అది ఏ వరుసలో పడిందో, ఆ వరుసను ఎవరు ఎలా మార్చారో, చివరికి డాక్టర్ టేబుల్ మీదికి ఏ మాటగా చేరిందో రాసుకోండి. నాకు మూడు రోజులు పట్టింది. ఏ కోర్సులోనూ అంత నేర్చుకోలేదు.

పీహెచ్‌డీ కోసం ల్యాబ్ ఎంచుకునేటప్పుడు వాళ్ల పేపర్ల సంఖ్య కంటే ముందు ఒకటి అడగండి: గత ప్రాజెక్టులో డాక్టర్, ఫార్మసిస్ట్, స్టాటిస్టీషియన్ ఏ దశలో చేరారు? డేటా అంతా వచ్చాక అంటే ఇంకోచోట కూడా వెతకండి. ఫారం తయారుచేసేటప్పుడే అంటే, ఆ ఫారం ఒకసారి చూపించమనండి. "ఇతర మందులు" అన్నచోట పేర్లు, డోసులు, తేదీలు రాసుకునేంత జాగా వదిలారేమో చూడండి.